పికప్ సీట్లకు తోలు తొడగడం: చేతికి లొంగే పని, లొంగని పని

పికప్ ట్రక్కులో డ్రైవరు సీటు అన్నిటికన్నా ముందు ఎక్కడ చిరుగుతుందో ఆ బండిని నాలుగైదేళ్లు నడిపిన ఎవరిని అడిగినా చెబుతారు. తలుపు వైపున గట్టులా ఉబ్బెత్తుగా ఉండే అంచు మొదట పోతుంది. కారు ఎత్తు తక్కువ కాబట్టి మనిషి సీటులోకి దిగి కూర్చుంటాడు. పికప్పులోకి మాత్రం ఎక్కాలి, దిగేటప్పుడు తొడ ఆ గట్టు మీదుగా రాసుకుంటూ జారితే తప్ప కాలు నేలకు అందదు. రోజుకు పదిసార్లు ఎక్కి దిగే బండిలో ముందు ఆ చోట గుడ్డ నునుపెక్కుతుంది, తర్వాత పోగులు తేలతాయి, ఆ తర్వాత లోపలి స్పాంజి పసుపుపచ్చగా బయటపడుతుంది. నా బండి తొమ్మిదో ఏట ఈ మూడో దశకు చేరినప్పుడు, సీట్లన్నిటికీ తోలు కవర్లు వేయాలనీ, ఆ పని నా చేతులతోనే చేసుకోవాలనీ నిర్ణయించుకున్నాను.

ఈ పనిలో నిజానికి రెండు వేర్వేరు పనులు కలిసి ఉన్నాయన్నది నా వాదనకు మూలం. తోలును కొలతకు కత్తిరించి కుట్టడం ఒకటి, కుట్టిన కవరును సీటుకు బిగించడం మరొకటి. మొదటిది ఏళ్ల తరబడి నేర్చుకోవలసిన విద్య. దానికి మందపు తోలును, మందపు దారాన్ని లాగగల ప్రత్యేకమైన కుట్టుమిషను కావాలి. రెండోదానికి కావలసినవి ఓపిక, శుభ్రమైన చోటు, పది పన్నెండు పనిముట్లు, మూడు నాలుగు రోజుల తీరిక. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్ల కొందరు ఇది తమ వల్ల కాదనుకుని మానుకుంటారు, మరికొందరు అంతా తామే చేయగలమనుకుని ఖరీదైన తోలును పాడుచేసుకుంటారు. కుట్టుపనిని ఆ విద్య తెలిసినవారికి వదిలిపెట్టి, బిగింపును బండి యజమానే చేసుకోవాలని నేనంటాను. బిగింపులో మంచిచెడ్డలన్నీ కంటికి కనిపించని చోట ఉంటాయి. ఆ చోట శ్రద్ధ పెట్టడానికి రోజూ ఆ సీటులో కూర్చోబోయే మనిషికి ఉన్నంత కారణం మరెవరికీ ఉండదు.

అసలు పనిలోకి వెళ్లేముందు తేలిక దారి సంగతి తేల్చాలి. పాత సీటు మీదనుంచే తొడిగి, అడుగున సాగే పట్టీలతో కట్టుకునే కవర్లు ఉంటాయి. అన్ని బండ్లకూ సరిపోతాయని రాసి ఉన్న ఒక జతను నేను కూడా ముందు వేసి చూశాను. దిండుకు గలీబు తొడిగినట్టు అవి నిమిషాల్లో ఎక్కాయి, రెండు నెలల్లోనే సడలిపోయాయి. కూర్చునే భాగమూ వీపు భాగమూ కలిసే మడతలోంచి కవరు పైకి లేచి వచ్చేది, దిగిన ప్రతిసారీ బయటి గట్టు మీద పక్కకు ఒరిగేది, పట్టీల కొక్కేలు సీటు కిందున్న వైర్లకు తగులుకునేవి. కవరు జారుతూ ఉంటే అడుగున ఉన్న గుడ్డ మరింత అరిగిపోతుంది కాబట్టి అది కాపాడవలసినదాన్నే పాడుచేసింది. ఇవన్నీ ఓర్చుకోవచ్చునేమో గాని, సీటు పక్కన ఎయిర్‌బ్యాగు అని రాసి ఉన్న చిన్న గుర్తును ఆ కవరు మందమైన రెండు పొరలతో పూర్తిగా కప్పేసిందని ఒకనాడు గమనించిన తర్వాత దాన్ని మరొక్క రోజు కూడా ఉంచలేకపోయాను.

ఆ గుర్తు ఎందుకు ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి. పక్కనుంచి తగిలే దెబ్బకు రక్షణగా సీటులోంచే విచ్చుకునే ఎయిర్‌బ్యాగును 1994లో వోల్వో తన 850 మోడల్ కారులో తీసుకొచ్చింది. ఆ తర్వాత అది మెల్లగా అన్ని రకాల బండ్లకూ పాకింది. ఎదురుగా ఢీకొన్నప్పుడు మనిషికీ దెబ్బకీ మధ్య బండి ముందుభాగమంతా అడ్డుంటుంది. పక్కనుంచి ఢీకొంటే తలుపు ఒక్కటే అడ్డు. అందుకే ఈ సంచి పది ఇరవై మిల్లీసెకన్లలో, అంటే రెప్పపాటులో ఎన్నో వంతు కాలంలో, విచ్చుకోవాలి. అది బయటికి రావడానికి వీలుగా సీటు కవరు పక్క కుట్టును కావాలనే బలహీనంగా కుడతారు. నిర్ణీతమైన దారంతో, నిర్ణీతమైన కుట్టు దూరంతో, సంచి ఒత్తిడికి సరిగ్గా ఆ గీత వెంబడే చిట్లేలా ఆ కుట్టు ఉంటుంది. దాని మీద మరో మందపు పొర వేస్తే సంచి ఆలస్యంగా రావచ్చు, రాకూడని దిక్కుకు తిరగవచ్చు. సీటు అనేది కూర్చోవడానికి వేసిన కుర్చీ మాత్రమే కాదు, ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచే యంత్రంలో అదొక భాగం. ఈ మాట నమ్మనివారు ఈ పనికి చేయి పెట్టకపోవడమే మంచిది.

కాబట్టి పాత గుడ్డను పూర్తిగా విప్పి, దాని స్థానంలో అదే కొలతకు కుట్టిన తోలు కవరును బిగించడం ఒక్కటే సరైన దారిగా నాకు తోచింది. ఇలాంటి కవర్లు ఆయా మోడల్‌కు, ఆయా సంవత్సరానికి, ఆయా క్యాబిన్ రకానికి విడివిడిగా కుట్టి అమ్ముతారు. ఆర్డరు పెట్టేముందు బండిలో కూర్చుని సీట్లను నిదానంగా పరిశీలించాలి. ముందు వరుస రెండు విడి సీట్లా, లేక మధ్యలో మడిచే చిన్న సీటు కూడా ఉన్నదా? వెనుక సీటు ఒకే పలకా, లేక అరవై నలభై వంతుల్లో విడిపోయేదా? పక్క ఎయిర్‌బ్యాగు ఉన్నదా? ఆర్మ్‌రెస్టు ఏ వైపు? నడుముకు ఆసరా ఇచ్చే మర ఏ పక్కన? ఒకే పేరున్న ఒకే ఏటి బండిలోనే ఇవన్నీ మారుతుంటాయి. ఒక్క రంధ్రం చోటు తప్పినా కవరు పనికిరాదు, ఒకసారి సీటుకెక్కించిన దాన్ని వెనక్కి తీసుకునేవారు ఉండరు.

తోలు విషయంలోనూ కళ్లు తెరిచి ఉండాలి. లెదర్ సీట్లు అని పిలిచే వాటిలో చాలావరకు మన ఒంటికి తగిలే ముఖభాగాలు మాత్రమే తోలు. పక్కలూ వెనుకభాగమూ వినైల్, అంటే తోలులా కనిపించే ప్లాస్టిక్. ఇది మోసం కాదు, అందరూ చేసేదే, కాని కొనేవారికి తెలిసి ఉండాలి. అంచును తిప్పి చూస్తే సంగతి తెలిసిపోతుంది: తోలుకు వెనుకవైపు నూగులాంటి పీచు ఉంటుంది, కృత్రిమమైన దానికి అల్లిన గుడ్డ అతికించి ఉంటుంది. బండ్లకు వాడే తోలు మందం ఒక మిల్లీమీటరుకు కొంచెం పైగా ఉంటుంది, పైన రంగుపొర, దాని మీద పాలీయురేతేన్ పూత ఉంటాయి. పశువు వెన్ను దగ్గరి తోలు గట్టిగా ఉండి తక్కువ సాగుతుంది, పొట్ట దగ్గరిది వదులుగా ఉండి ఎక్కువ సాగుతుంది. మంచి పనివారు వెన్ను తోలును కూర్చునే చోటికి వాడతారు. తోలు పనివారి విద్య అంటే ఇదే: ఏ ముక్క ఎక్కడినుంచి కోయాలన్న ఆ తెలివి కొలతల కాగితంలో ఉండదు. అందుకే కుట్టుపనిని ఇంట్లో ప్రయత్నించవద్దని అంటున్నాను. పైగా ఎయిర్‌బ్యాగు దగ్గరి కుట్టు ఇంట్లో ప్రయోగం చేయదగింది కానే కాదు. కవరు కుట్టినవారు ఆ కుట్టును పరీక్షించి ఇచ్చామని రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పకపోతే కొనకూడదు.

సీట్లు బయటికి తీయడం బలంతో కూడిన పనిలా కనిపించినా, అక్కడ నిజంగా కావలసింది వరుసక్రమం. మోటారుతో కదిలే సీటైతే దాన్ని పూర్తిగా ముందుకు జరిపి వెనుక బోల్టులు విప్పాలి, పూర్తిగా వెనక్కి జరిపి ముందు బోల్టులు విప్పాలి, ఆ తర్వాతనే బ్యాటరీ తీయాలి. బ్యాటరీ ముందే తీసేస్తే సీటు ఉన్నచోటే ఉండిపోయి బోల్టులకు చేయి అందదు. బ్యాటరీ నెగటివ్ తీగను విప్పి పక్కకు కట్టేశాక, ఎయిర్‌బ్యాగు యూనిట్‌లో నిలిచి ఉండే విద్యుత్తు దిగిపోయేదాకా ఆగాలి. ఈ ఎదురుచూపు తయారీదారును బట్టి 90 సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉంటుంది. బండి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, దానికి మరికొంత కలుపుకుంటే నష్టం లేదు. ఆ తర్వాత సీటు కింద పసుపుపచ్చ కనెక్టర్లు కనిపిస్తాయి. ఎయిర్‌బ్యాగుకూ, సీటుబెల్టును ప్రమాదంలో బిగించే పరికరానికీ వెళ్లే వైర్లకు ఆ రంగు వాడతారు. వాటి తాళపు మీటను మెల్లగా లేపి విడదీయాలి. అవి విడిగా ఉన్నంతసేపూ, మధ్యలో ఏ కారణం చేతనైనా సరే, తాళంచెవి తిప్పి బండి కరెంటు వేయకూడదు. వేస్తే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగి, తిరిగి కనెక్టర్లు కలిపినా ఆరకుండా నిలిచిపోవచ్చు.

సీటు బరువుగా ఉంటుంది, దాని కింది పట్టాల మూలలు పదునుగా ఉంటాయి. తలుపు గడప మీద పాత దుప్పటి పరిచి, ఇద్దరు పట్టుకుని దించాలి. మా తమ్ముడు సాయం పట్టకపోతే తలుపు రంగు తప్పకుండా గీసుకుపోయేది. ఇంతకు మించి ఇందులో చెప్పవలసిందేమీ లేదు.

పాత కవరు విప్పడం దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆగవచ్చు, ఆగాలి. సీటును తలకిందులు చేస్తే కవరు అంచుల వెంబడి కుట్టిన ప్లాస్టిక్ పట్టీలు లోహపు చట్రం పెదవికి కొక్కెంలా తగులుకుని కనిపిస్తాయి. వాటిని ఒత్తి వదిలిస్తే చుట్టూ ఉన్న బిగువంతా ఒక్కసారిగా సడలుతుంది. కాని కవరు ఇంకా రాదు. పైనుంచి చూసినప్పుడు సీటు మీద లోతైన గాడులు కనిపిస్తాయే, వాటి అడుగున అసలు పట్టు ఉంటుంది. కవరు వెనుకవైపు గాడి వెంబడి ఒక గుడ్డ గొట్టం కుట్టి, అందులో ఉక్కు తీగను దూరుస్తారు. స్పాంజిని పోతపోసేటప్పుడే దాని లోపల కూడా మరో తీగను ఇముడుస్తారు. ఈ రెండు తీగలనూ కలిపి పట్టి ఉంచేవి హాగ్ రింగులు. పందులు నేలను తవ్వకుండా ముక్కుకు వేసే రింగుల నుంచి ఆ పేరు వచ్చింది; ఆకారమూ అదే. నా డ్రైవరు సీటు కూర్చునే భాగంలోనే అవి ఇరవైకి పైగా లెక్కకు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ కటింగ్ ప్లయరుతో కత్తిరించి తీస్తూ, ఏది ఎక్కడ ఉందో ఫోటో తీసుకున్నాను. ఒక అట్ట మీద సీటు బొమ్మ గీసి, తీసిన ప్రతి రింగునూ దాని చోట గుచ్చిపెట్టాను. కొత్త కవరు వేసేటప్పుడు ఆ అట్ట నాకు ఏ మాన్యువలూ చెప్పనంత చెప్పింది.

విప్పే పని ఎవరికైనా అప్పగించి బిగించే పని మాత్రం తాను చేసుకోవాలనుకోవడం కుదరదని అనడానికి కారణం ఇదే. పాత కవరును విప్పిన చేతులకు ఏ గాడి ఎంత లోతో, ఏ మూల ఎంత బిగువో తెలుస్తుంది. ఆ జ్ఞాపకం లేకుండా బిగిస్తే ప్రతి మూలా కొత్తగా వెతుక్కోవాలి.

కవరు పోయిన తర్వాత బయటపడే స్పాంజి గురించి నా పట్టుదల ఎక్కువ. తోలు ఎంత మంచిదైనా అడుగున ఉన్న ఆకారాన్నే చూపిస్తుంది. నా సీటులో బయటి గట్టు స్పాంజి అంగుళం దాకా అరిగి, చట్రం అంచు దగ్గర పొడిపొడిగా రాలుతున్నది. దాని మీదనే కొత్త తోలు లాగి ఉంటే మొదటి రోజు బాగానే కనిపించేది; ఆరు నెలలకు తోలు ఆ గుంటలోకి సాగి, ముడతపడి, సరిగ్గా పాత చోటే చిరిగేది. అరిగిన భాగాన్ని రొట్టెలు కోసే పొడవాటి కత్తితో చదునుగా కోసి తీసేసి, అదే గట్టిదనం ఉన్న కొత్త స్పాంజి ముక్కను కాస్త పెద్దదిగా కోసి, స్ప్రే జిగురును రెండు వైపులా పట్టించి, అది చేతికి అంటుకోని స్థితికి ఆరాక అతికించాను. మర్నాడు దాన్ని గరుకు కాగితంతో రుద్ది ప్రయాణికుడి సీటులోని చెడని గట్టు ఆకారానికి తెచ్చాను, ఆ ఆకారాన్ని ముందే అట్టముక్క మీద గీసి కత్తిరించుకున్నాను. స్పాంజి చట్రానికి రాసుకునే చోట ఒక మందపు గుడ్డముక్కను అంటించాను, ఎందుకంటే అరుగుదల పైనుంచి ఎంత వచ్చిందో లోపలినుంచీ అంతే వచ్చిందని విప్పాక తెలిసింది. ఈ ఒక్క పనికే నాకు రోజున్నర పట్టింది. కవరు కొత్తదైతే చాలు, స్పాంజిని ఎవరు చూస్తారు అనే ఆలోచన ఈ రోజున్నరనే మిగుల్చుకోవాలని చూస్తుంది, తర్వాత తోలునే పోగొట్టుకుంటుంది.

సీటు వేడెక్కే ఏర్పాటు ఉంటే ఈ దశలోనే జాగ్రత్తపడాలి. వేడి పరిచే పలుచని పొర స్పాంజి మీద అంటి ఉంటుంది. దాన్ని మడతపడనివ్వకూడదు, గాడిలో రింగు వేసేటప్పుడు ఆ పొర తీగ రింగు మొనల మధ్య పడకుండా చూడాలి. మడతపడిన చోట వేడి ఒకే బిందువు దగ్గర పోగవుతుంది.

ఇక బిగింపు. సీట్లు కుట్టే ఒక పెద్దాయన నాకు ముందే ఒక మాట చెప్పారు: “అంచుల కేసి చూడకండి బాబూ, ముందు మధ్య గాడి కుదర్చండి.” మొదటి గంటలో నేను ఆ మాట వినలేదు. కవరును నాలుగు మూలలా తొడిగి, అందంగా సర్ది, ఆ తర్వాత గాడుల దగ్గరికి వచ్చాను. అప్పటికి అంచుల బిగువు వల్ల మధ్య తీగ స్పాంజిలోని తీగకు వేలెడు దూరంలో ఆగిపోయింది. అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాను. కవరును లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసి, మధ్య గాడి తీగను స్పాంజి గాడిలో పెట్టి, సరిగ్గా నడిమధ్యన మొదటి రింగు వేశాను. తర్వాత కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. నవారు మంచం అల్లేటప్పుడు బిగువు ఒకే పక్కకు పోకుండా ఎలా చూసుకుంటామో ఇక్కడా అంతే. ఒక చివరినుంచి మొదలుపెట్టి రెండో చివరికి పోతే తోలు నెమ్మదిగా పక్కకు జరిగి, ఆఖరి మూలలో అతుకు వంకరగా నిలుస్తుంది.

రింగు వేయడంలో మెలకువ ఉన్నది. ప్లయరు దవడల్లో రింగు కదలకుండా కూర్చోవాలి, దాని రెండు మొనలూ రెండు తీగలను ఒకేసారి చుట్టాలి, ఒత్తినప్పుడు మొనలు ఒకదాన్నొకటి దాటేదాకా ఒత్తాలి. గుడ్డ గొట్టాన్ని మాత్రం పట్టి తీగను వదిలేసిన రింగు చూపుకు సరిగానే ఉంటుంది, చేత్తో లాగితే కూడా నిలుస్తుంది. మనిషి వంద సార్లు కూర్చుని లేచాక గుడ్డను చీల్చుకుని వచ్చేస్తుంది. అందుకే రింగు వేసిన ప్రతిసారీ వేలు లోపలికి పోనిచ్చి తీగను తడిమి చూసేవాణ్ణి. మొదటి పది రింగులకు రెండు గంటలు పట్టింది, తర్వాతి పదికి నలభై నిమిషాలు.

వీపు భాగం వేరే పరీక్ష. దాన్ని మేజోడు తొడిగినట్టు పైనుంచి కిందికి దించాలి, స్పాంజి మాత్రం తోలును పట్టి లాగుతుంది. స్పాంజి మీద పలుచని ప్లాస్టిక్ సంచి కప్పి దాని మీదుగా కవరును జార్చితే పని తేలికవుతుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న పక్కన మాత్రం ఆ ప్లాస్టిక్కును తర్వాత పూర్తిగా బయటికి లాగేయాలి, ఏ ముక్కా లోపల ఉండకూడదు. పాత కవరులో ఎయిర్‌బ్యాగు చుట్టూ గట్టి గుడ్డతో చేసిన దారి లాంటిది ఉంటే, కొత్త కవరులోనూ అది అదే విధంగా చట్రానికి తగులుకుందో లేదో రెండుసార్లు చూసుకోవాలి, ఎందుకంటే సంచి ఆ బలహీనమైన కుట్టు వైపే వచ్చేలా చేసేది అదే. ఈ చోట నేను పాత ఫోటోలను కొత్త బిగింపు పక్కన పెట్టి గీత గీతా సరిపోల్చుకున్నాను. తలదిండు కడ్డీలు దిగే గొట్టాలను తిరిగి పెట్టే ముందు తోలుకు ఆ చోట రంధ్రాలు కోయవలసి వస్తే, అవసరమనుకున్న దానికన్నా చిన్నగా కోయాలి. తోలు సాగుతుంది గాని, కోసింది అతుక్కోదు.

అంతా బిగించాక ముడతలు కనిపిస్తాయి. డబ్బాలో నెలల పాటు మడిచి ఉన్న తోలుకు అది సహజం. వేడిగాలి ఊదే హీట్ గన్ తీసుకుని దగ్గరినుంచి వేడి చేయాలన్న తొందర ఇక్కడే పుడుతుంది, చాలా కవర్లు ఇక్కడే చెడిపోతాయి. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు కూడా తడిగా ఉన్నప్పుడు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముడుచుకుపోతుంది. హీట్ గన్ మూతి దగ్గర వేడి దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. ఒకసారి అలా ముడుచుకున్న పీచు మళ్లీ సాగదు. కాబట్టి తక్కువ వేడి పెట్టి, జానెడు దూరంలో, ఆపకుండా కదుపుతూ, రెండో అరచేతిని అదే చోట తోలు మీద ఆడిస్తూ పని చేశాను. నా చేయి ఓర్చుకోలేని వేడి తోలుకూ వద్దనుకున్నాను. బట్టల స్టీమరు ఇంకా మెత్తని సాధనం, కాని దాన్నీ ఒకే చోట నిలపకూడదు. ఇంత చేసినా పోని సన్నని ముడతలను వదిలేశాను. పది పదిహేను రోజులు ఎండలో నిలిపి, రోజూ కూర్చున్నాక అవి తమంతట తామే సర్దుకున్నాయి.

సీట్లు తిరిగి బిగించేటప్పుడు బోల్టులను చేతి అంచనాతో బిగించవద్దని గట్టిగా చెబుతాను. ప్రమాదంలో మనిషి బరువంతా సీటుబెల్టు ద్వారా పడేది ఆ బోల్టుల మీదనే. బిగువును కొలిచే టార్క్ రెంచిని మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు పెట్టి బిగించాలి, ఒకసారి వాడిన బోల్టు స్థానంలో కొత్తది వేయమని అందులో ఉంటే కొత్తదే వేయాలి. కనెక్టర్లన్నీ టిక్కుమని కుదిరాక, ఆఖరున బ్యాటరీ.

ప్రయాణికుడి సీటుకు మరో విషయం ఉన్నది. అమెరికాలో 2003 సెప్టెంబరు నుంచి 2006 దాకా విడతలవారీగా అమల్లోకి వచ్చిన నియమం వల్ల, ముందు సీటులో చిన్నపిల్ల ఉన్నప్పుడు ఎదుటి ఎయిర్‌బ్యాగు హాని చేయకుండా చూసుకోవలసిన బాధ్యత తయారీదారుల మీద పడింది. దానికోసం చాలామంది సీటులోనే మనిషి బరువును పసిగట్టే సెన్సర్లు పెట్టారు. కొన్నింటిలో అది స్పాంజి కింద పరిచిన పలుచని చాప, కొన్నింటిలో ద్రవం నిండిన సంచి, కొన్నింటిలో సీటు కాళ్ల దగ్గరి పరికరం. తోలు బరువూ బిగువూ గుడ్డవాటిలాంటివి కావు కాబట్టి సెన్సరు లెక్క మారే వీలుంది; కొన్ని బండ్లలో ఆ లెక్కను డీలరు దగ్గరి స్కానరుతో తిరిగి సున్నాకు తేవాలి. ఇంట్లో ఈ పని చేయలేం. కవరు నేనే వేసుకున్నానన్న గర్వంతో ఈ ఆఖరి మెట్టును దాటేయకూడదు. నేను బండిని తీసుకెళ్లి ఆ పరీక్ష చేయించాను.

వెనుక సీటు సంగతి తేలిక. దానికి పట్టాలు ఉండవు, మోటార్లు ఉండవు. నా బండిలో వీపు భాగం క్యాబిన్ వెనుక గోడకు కొక్కేలతో తగులుకుని ఉంటుంది, కూర్చునే పలక పైకి లేస్తుంది. అప్పటికి చేతులకు అలవాటు వచ్చి ఉంటుంది కాబట్టి రెండు ముందు సీట్లకు పట్టిన కాలంలో సగంలోనే ముగిసింది. మొదట ఈ సీటుతోనే మొదలుపెట్టమని కొత్తవారికి నా సలహా. తప్పులు జరిగితే అక్కడ జరిగినా పెద్ద నష్టం లేదు.

నా మిత్రులు కొందరు దీనికంతా ఒక్క మాటతో అడ్డుచెబుతారు: అనుభవం ఉన్న పనివారు ఒక్క రోజులో చేసే పనికి నువ్వు నాలుగు రోజులు పెట్టావు, వాళ్లదాని కన్నా నీది బాగా వచ్చిందా? నిజాయితీగా చెప్పాలంటే చూపుకు వాళ్లదే బాగుంటుంది. అతుకుల గీతలు వాళ్ల చేతిలో నిలిచినంత సూటిగా నా చేతిలో నిలవలేదు. కాని ఒక్క రోజులో అయిదుగురు కూర్చునే క్యాబిన్ మొత్తాన్ని ముగించాలంటే స్పాంజిని అతికించి ఆరబెట్టే తీరిక ఎక్కడిది? రోజులో పని ముగించవలసిన మనిషి దాన్ని వదిలేస్తే నేను తప్పుపట్టను. అతని సమయానికి అంత విలువ కట్టేది మనమే. నేను నా సీటు మీద పెట్టిన రోజున్నరకు ఎవరూ లెక్క అడగరు. అందుకే ఇది పోటీ కాదంటాను: వాళ్ల నైపుణ్యం నాకు లేదు, నా తీరిక వాళ్లకు లేదు, ఈ పనిలో సీటు ఆయుష్షును ఎక్కువగా తేల్చేది తీరికే. అయితే వరుసక్రమం పాటించలేనివారు, రెండు గంటలకే విసుగుపడేవారు, పసుపు కనెక్టరును చూసి కూడా ముందుకు పోగలవారు దీన్ని తప్పకుండా పనివారికే ఇవ్వాలి.

ఆ తర్వాత సంరక్షణ గురించి ఒక్క మాట చాలు. పూత ఉన్న తోలులోకి నూనెలు పెద్దగా ఇంకవు. కాబట్టి జిడ్డు పూయడం కన్నా మెత్తని గుడ్డతో, ఘాటులేని ద్రవంతో దుమ్మునూ చెమటనూ తుడవడం మేలు. దుమ్ము రేణువులు కుట్ల దగ్గర చేరి దారాన్ని కోస్తాయి, నీలం జీన్సు రంగు లేత తోలుకు పడుతుంది.

కవర్లు వేసి పద్నాలుగు నెలలైంది. డ్రైవరు సీటు బయటి గట్టు ఆకారం చెదరలేదు, కుట్టు జారలేదు. ప్రయాణికుడి సీటులో మాత్రం వెనుక మడతకు దగ్గరగా తోలు కొంచెం పైకి ఉబ్బి కనిపిస్తున్నది. ఎందుకో నాకు తెలుసు. మూడో రోజు సాయంత్రం చీకటి పడుతుండగా ఆ గాడిలో చివరి రింగుకు తీగ అందలేదు, నేను గుడ్డను మాత్రం పట్టించి ఊరుకున్నాను. అట్ట మీద ఆ చోట ఇప్పటికీ పాత రింగు గుచ్చి ఉంది. వచ్చే ఆదివారం తమ్ముణ్ణి పిలిచి ఆ సీటును మళ్లీ కిందికి దించుతాను.